రన్‌వే కొసన బడి

"తినే కంచంలో ఎవరైనా మట్టి పోస్తారా అమ్మా? నీ చిన్నకోడలు పోసింది. మ్యాప్ గీసి, రంగులేసి, ఊరందరికీ చూపించి మరీ పోసింది!"

పెద్దాడి గొంతు మేడ మీది వంటగదిలో బయల్దేరి, మెట్లు దిగి, కింద కుట్టుకొట్టులోకి పోయింది. కొట్టులో మిషన్లు టక్కున ఆగాయి. పనివాళ్ళకి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది!

"గొంతు తగ్గించరా," అంది కత్తెరమ్మ. "కింద యూనిఫాం కొలతలివ్వడానికి ఎయిర్‌బేస్ నుంచి సిపాయిలొచ్చి కూర్చున్నారు. మన ఇంటి గోల వాళ్ళకెందుకు?"

"విననీ! వాళ్ళ విమానాల కోసమేగా మనకీ తిప్పలు!"

కత్తెరమ్మ టీ గ్లాసు ఠక్కుమని బల్ల మీద పెట్టింది. ఊళ్ళో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ మారుపేరు చేతిలో కత్తెర చూసి పెట్టారో, నోట్లో నాలుక చూసి పెట్టారో ఇప్పటికీ తేలలేదు. బేస్ గేటుకి సరిగ్గా ఎదురుగా కొట్టు. తను కుట్టని యూనిఫాం వేసుకుని ఆ గేటు దాటినవాడు లేడని ఆవిడే చెప్పుకుంటుంది, ఎవరూ కాదనరు. కాదనే ధైర్యం ఎవరికుంది గనక!

అలాంటి మనిషి చిన్నకోడలితో మాట్లాడక వారమైంది.

పోయిన వారం వార్డు ఆఫీసు గోడకి మ్యాప్ అంటించారు. రన్‌వే కొసన విమానాలు లేచేచోట, దిగేచోట ఎర్రరంగు పూశారు. ఆ ఎరుపులో జనం గుమిగూడే కట్టడం ఏదీ రాకూడదు. బడి కూడదు, ఆసుపత్రి కూడదు, అపార్టుమెంటు అసలే కూడదు. ఏ గోదామో, పూలతోటో ఉంటే ఉండొచ్చు. ఆ ఎరుపు నడిబొడ్డున కత్తెరమ్మ స్థలం. ఆ మ్యాప్ గీసిన మనిషి టౌన్ ప్లానింగ్ ఆఫీసులో పనిచేసే చిన్నకోడలు.

గీస్తే గీసింది. ఆ కబురు అత్తగారి చెవిన వేసింది మాత్రం కోడలు కాదు, చొక్కా బిగుతైందని వచ్చిన కూరగాయల వ్యాపారి! "మీ స్థలం కూడా పోయిందటగా కత్తెరమ్మా," అని అతను నవ్వుతూ అడిగితే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆ స్థలం ఉత్త స్థలం కాదు మరి. అక్కడ మొగుడి పేరుతో బడి కట్టించాలని ఆవిడ పంతం. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో దుకాణాల మీదా, గేట్ల మీదా కనిపించే పేర్లన్నీ ఆయన చేతివే. ఊరందరి పేర్లూ రాసిన మనిషి తన పేరు ఒక్కచోటా రాసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆయన మంచం పక్కన కూర్చుని "నీ పేరు నేను రాయిస్తాలే" అని మాటిచ్చింది ఆవిడ. కట్టడాల కాంట్రాక్టరైన పెద్దాడు బడికి ప్లాను వేయించాడు. గేటు మీద తండ్రి పేరు ఎంతెత్తున ఉంటుందో చెయ్యి చాపి మరీ చూపించాడు. ఆ రోజు ఆవిడ మురిపెం చూడాలి!

ఇవాళ మధ్యాహ్నం మున్సిపల్ హాల్లో అభ్యంతరాల మీటింగు. స్థలం ఎవరి పేర ఉందో వాళ్ళే లేచి చెప్పుకోవాలి. అంటే కత్తెరమ్మే లేవాలి.

"నువ్వు లేచి ఒక్క మాట అను, చాలు," పెద్దాడు బల్ల మీదికి వంగాడు. "నా స్థలం వదిలెయ్యండి, అంతే. మున్సిపల్ అధ్యక్షుడు మనకి తెలిసినవాడే. గీత కాస్త పక్కకి జరిపితే ఆకాశమేం ఊడి –"

అప్పుడే విమానం లేచింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. పెద్దాడు చెయ్యి పైకెత్తి ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. అందరూ ఆగారు.

ఆ ఇంటికో చట్టముంది. కత్తెరమ్మా, ఆవిడ మొగుడూ కొత్తకాపురంలో పెట్టుకున్నది. విమానం పోయేదాకా ఎవరూ నోరెత్తకూడదు. పోయాక, ఎవరి మాట ఎక్కడ తెగిందో వాళ్ళే అక్కణ్ణుంచి అందుకోవాలి. సందు దొరికింది కదా అని ఇంకొకరు దూరకూడదు. ఎంత జుట్టూజుట్టూ పట్టుకునే పోట్లాటైనా ఆ చట్టం దాటినవాళ్ళు లేరు.

"– పడిపోదు," అని పూర్తిచేశాడు పెద్దాడు.

"జరపకూడదు బావగారూ."

సింకు దగ్గర గ్లాసు కడుగుతున్న చిన్నకోడలు అంది ఆ మాట. అటు తిరిగే అంది. ఆఫీసుకి తయారై ఉంది. చుట్టిన మ్యాపులు గుమ్మం పక్కన ఆనించి ఉన్నాయి.

"జరపకూడదా?" పెద్దాడు వెటకారంగా నవ్వాడు. "ఒకసారి జరిగిందిగా అమ్మాయ్! ఆ సంగతి మా అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

కోడలి చేతిలో గ్లాసు ఆగింది. చిన్నాడు గోడవారన కుక్కిన పేనులా నిలబడి ఉన్నాడు. కొట్టులో గుడ్డ కత్తిరించేది అతనే. అమ్మకీ పెళ్ళానికీ మధ్య ఈ వారమంతా అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం.

"ఏం సంగతిరా?" అంది కత్తెరమ్మ.

"ముందు గీసిన మ్యాప్‌లో మన స్థలం ఎరుపులో లేదమ్మా! వీళ్ళ ఆఫీసరే చెప్పాడు నాకు. ఇంటి మనుషుల స్థలం కదా అని ఆయనే గీతని మన హద్దు చుట్టూ వంచి మనల్ని బయట పెట్టాడట. ఈ మహాతల్లి అది చెరిపేసి, మళ్ళీ తిన్నగా లాగి, మనల్ని లోపల పడేసింది. పరాయివాడు దయ తలిస్తే సొంత మనిషి కాలదన్నింది!"

చిన్నాడు నోరు తెరిచాడు. ఆ సంగతి అతనికీ తెలియదన్నమాట.

"నిజమేనా?"

వారం తర్వాత కోడలితో కత్తెరమ్మ అన్న మొదటి మాట అది.

"నిజమే అత్తయ్యా." కోడలు ఇటు తిరిగింది. కళ్ళు దించలేదు.

"ఎందుకు చేశావ్?"

"అది వంకర గీత అత్తయ్యా. రన్‌వే పొడుగునా తిన్నగా వచ్చి, మన స్థలం దగ్గరే వంకర తిరిగింది. మన పక్కనున్న పాలవాళ్ళ స్థలం లోపల, అవతలి ముసలమ్మది లోపల, మనది ఒక్కటే బయట. రేపు ఎవరైనా దాని మీద వేలు పెట్టి, ఈ వంకర ఎవరిదమ్మా అనడిగితే నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మా అత్తగారిదని చెప్పనా?"

"పోనీ, ఇంట్లో ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? కూరగాయలవాడి నోట వినాల్సొచ్చింది నేను!"

"గోడకి అంటించకముందు ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదత్తయ్యా. పాలవాళ్ళకి చెప్పకుండా మనకి చెప్తే అదీ వంకరే." ఆ పిల్ల కడిగిన గ్లాసు బోర్లించింది. "చెప్పాలని నోటిదాకా రాలేదనుకోకండి. రోజూ వచ్చింది."

కత్తెరమ్మకి కోపం పోలేదు, పోదు కూడా. కానీ ఆ వంకర అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. పనివాళ్ళు వేసిన కుట్టు నూలుపోగంత వంకరపోయినా వేసుకున్న మనిషి ఒంటి మీదే విప్పించేసే రకం ఆవిడ. ఒకసారి పెళ్ళికొడుకు కోటు ఊరేగింపు దారిలో ఆపి మరీ విప్పించింది.

"నీతులమ్మా నీతులు!" పెద్దాడు లేచాడు. "ఇల్లు గుల్లయ్యాక నెత్తిన పెట్టుకుని ఊరేగండి. ఒకటే చెప్తున్నాను. ఇవాళ నువ్వు హాల్లో నోరు విప్పకపోతే, నాన్న పేరు నీ చేత్తో నువ్వే తుడిచేసినట్టు. ఆపైన నీ ఇష్టం."

మెట్ల మీద బూట్లు దడదడలాడాయి. కోడలు మ్యాపులు చంకన పెట్టుకుని, "వెళ్ళొస్తానత్తయ్యా," అంది. జవాబు కోసం క్షణం ఆగింది. రాలేదు. వెళ్ళిపోయింది.

"అమ్మా," అన్నాడు చిన్నాడు మెల్లగా. "ఏం చెప్తావక్కడ?"

"నాకు తోచింది చెప్తాను. నువ్వెళ్ళి సిపాయిల కొలతలు చూడు. ఈ పరధ్యానంలో కాలరుకి బదులు మెడ కత్తిరించగలవు."

అనడమైతే అంది గానీ, ఏం తోచిందో ఆవిడకే తెలియదు. నాన్న పేరు తుడిచేసినట్టు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

* * *

మున్సిపల్ హాలు కిక్కిరిసిపోయింది. గోడకి ఆ ఎర్రరంగు మ్యాప్. వేదిక మీద అధ్యక్షుడు, పక్కన బేస్ నుంచి వచ్చిన ఆఫీసరు. ఆ ఆఫీసరు భుజం దగ్గర అతుకు తన కుట్టేనని కత్తెరమ్మ దూరం నుంచే గుర్తుపట్టి, బాగానే కూర్చుంది అనుకుంది. ముందు వరసలో కుర్చీ చూసుకుని, చిన్నాణ్ణి ఒకవైపు, పెద్దాణ్ణి ఒకవైపు కూర్చోబెట్టుకుంది.

చిన్నకోడలు మ్యాప్ పక్కన నిలబడింది. ఇంట్లో నీళ్ళ చప్పుడుకే మునిగిపోయే గొంతు, ఇక్కడ వెనక గోడకి తగులుతోంది.

"బేస్ పెరుగుతోందండీ. ఊరూ పెరుగుతోంది. ఇద్దరూ ఒకరి మీదికొకరు పెరిగితే ఇద్దరికీ ఊపిరాడదు. పిల్లలకి బట్టలు కుట్టేటప్పుడు మా అత్తయ్యగారు లోపల బెత్తెడు గుడ్డ మడిచి వదులుతారు. ఎదిగే ఒళ్ళు కదా అంటారు. మేమూ అలాగే మధ్యలో కొంత నేల వదిలాం. ఇళ్ళకీ, బడికీ, ఆసుపత్రికీ తూర్పు వైపు చోటు చూపించాం. అక్కడ ఎంత పెరిగినా అడ్డులేదు."

జనం కత్తెరమ్మ వంక చూశారు. ఆవిడ మొహం గంటు పెట్టుకునే కూర్చుంది. ఓసి నీ తెలివి తెల్లారా, నా మాట నాకే అప్పజెప్తున్నావా అనుకుంది. అనుకుని, ఎవరూ చూడకుండా కాస్త నిటారుగా సర్దుకుంది.

పాలవాళ్ళాయన లేచి గొడ్లపాక ఉంచుకోవచ్చా అనడిగాడు. నిక్షేపంగా ఉంచుకోండి అంది కోడలు. "గొడ్లు గుమిగూడితే పరవాలేదా?" అని వెనక నుంచెవరో అంటే హాలంతా నవ్వింది.

అప్పుడు పెద్దాడు లేచాడు. "మా అమ్మ మాట్లాడే ముందు, ఆ స్థలంలో మేం తలపెట్టిందేమిటో చెప్పనివ్వండి," అన్నాడు. మాటకారి. నలుగురిలో లేచి నిలబడితే అచ్చం తండ్రి పోలికే. కత్తెరమ్మకి వాడి మీద కోపమున్నా, కళ్ళు మాత్రం వాణ్ణి చూసి మురిశాయి.

"మా నాన్న పేరుతో బడి కడతామండీ. అలాంటి బడి ఈ ఊళ్ళో ఉండదు. ఊరి రొదకి దూరంగా, పచ్చటి చోట, పిల్లలు ప్రశాంతంగా –"

విమానం లేచింది. హాలు పైకప్పు రేకులు దడదడలాడాయి. పెద్దాడు చెయ్యెత్తి ఆగాడు. అధ్యక్షుడు నోటి దగ్గరికి తెచ్చిన నీళ్ళ గ్లాసు అక్కడే ఆగింది. వరసలు వరసలుగా జనం, మాట ఆపి, మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చున్నారు.

"– చదువుకుంటారు," అన్నాడు పెద్దాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చే మాటని ఎవరికీ తట్టలేదు. పుట్టినప్పటినుంచీ అదే బతుకు కదా! పెద్దాడికీ తట్టలేదు. "పంతులు చెప్పే ప్రతి అక్షరం పిల్లల చెవిలో –" అన్నాడు. ఆ వేళ విమానాలు జంటగా లేస్తాయి. రెండోది నెత్తి మీదుగా పోయేదాకా చెయ్యెత్తి నిలబడి, "– పడుతుంది," అని ముగించాడు.

కత్తెరమ్మ ఒక్కతే వాడి చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది.

చిన్నప్పుడు చిన్నాడు ఎక్కాలు అప్పజెప్తుంటే, ఏడారులు అనగానే విమానం వచ్చేది. అది పోయేసరికి వాడు ఏడారులెంతో మరిచిపోయేవాడు. మొద్దువెధవ అని తనే తిట్టేది. రన్‌వేకి ఇంత ఎడంగా ఉన్న ఇంట్లోనే అలా ఉంటే, కొసన, నడినెత్తి మీద ఎలా ఉంటుంది? గదినిండా పిల్లలు, చెయ్యెత్తి నిలబడ్డ పంతులు. రోజంతా. ఇన్నేళ్ళూ తను ఆ మోతలో బతికింది గానీ, ఒక్కసారైనా విన్నదా?

"అమ్మా, స్థలం మీది," అన్నాడు అధ్యక్షుడు. "మీ అభ్యంతరం చెప్పండి, రాసుకుంటాం."

కత్తెరమ్మ లేచింది.

"ఉంది. అభ్యంతరముంది."

పెద్దాడి మొహం విప్పారింది. మ్యాప్ పక్కన కోడలు తల దించుకుంది.

"నా పెద్దకొడుకు ఇప్పటిదాకా మాట్లాడాడే, దాని మీద నాకు అభ్యంతరం."

హాలు గొల్లుమంది. పెద్దాడు నవ్వబోయి ఆగిపోయాడు.

"నవ్వకండి. మా ఆయన పేరు బడి మీద ఉండాలన్నది నా పంతం. ఆ పంతం వదల్లేదు, వదలను. ఈ హాలు బయట బోర్డు రాసింది కూడా ఆయనే, వెళ్ళేటప్పుడు తలెత్తి చూడండి. అలాంటాయన పేరు కింద పిల్లలు కూర్చుంటే వాళ్ళకి పాఠం వినబడాలా వద్దా? నా కొడుకు రెండు ముక్కలు చెప్పడానికి రెండుసార్లు చెయ్యెత్తి నిలబడ్డాడు. మీరు చూడలేదు. నేనూ ఇన్నేళ్ళూ చూడలేదు, మన చెవులు కాయలు కాచిపోయాయి." ఆవిడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "పైనుంచి ఒక బోల్టు ఊడి ఆ పిల్లల మధ్య పడిందనుకోండి. తల్లులు పరిగెత్తుకొచ్చి గేటు మీద ఎవరి పేరు చదువుతారు? ఎవర్ని తిట్టుకుంటారు? ఆ తిట్లు తినడానికా నేను ఆయన పేరు రాయించేది?"

ఆవిడ మ్యాప్‌లో తూర్పు వైపుకి వేలు చూపింది.

"బడి తూర్పు వైపే కడతాం. మా పెద్దాడే కడతాడు, వాడి కన్నా బాగా కట్టేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇక ఆ గీతంటారా, తిన్నగా ఉంది. వంచమని ఎవరొచ్చినా వంచకండి, నేనొచ్చినా వంచకండి." ఆవిడ మెడ నిలబెట్టి హాలంతా ఒకసారి కలియజూసింది. "అది గీసింది నా కోడలు. అది కూడా రాసుకోండి."

ముందు పాలవాళ్ళాయన చప్పట్లు కొట్టాడు. తర్వాత హాలు హాలంతా కొట్టింది. బేస్ ఆఫీసరు కూడా కొట్టాడు. చిన్నాడికి కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు దొరకలేదు. పెద్దాడు మాత్రం మూతి బిగించి నేలచూపులు చూస్తున్నాడు. అన్ని చప్పట్లలోనూ కత్తెరమ్మ చూసింది కోడలి మొహం ఒక్కటే. ఆ మొహంలో సంతోషం లేదు. ఎందుకు లేదో ఆవిడకి అర్థం కాలేదు.

"సంతోషం," అన్నాడు అధ్యక్షుడు. "మరి రెండో మ్యాప్ చూద్దాం. ఇది ఇవాళే మొదటిసారి బయటపెడుతున్నాం. చదువమ్మా."

కోడలు రెండో చుట్ట విప్పి గోడకి తగిలించింది. మ్యాప్‌లో బేస్ గేటు కనిపించింది. గేటు ముందు వీధి కనిపించింది. వీధి సగం మీద ఎరుపు.

"గేటు దగ్గర లారీలు ఆగడానికి, తనిఖీకీ చోటు చాలడం లేదు," అని చదివింది. "ఏదైనా ప్రమాదం జరిగితే ఎదురుగా ఉన్న ఇళ్ళకీ కొట్లకీ ముప్పు. కాబట్టి గేటుకి ఎదుటి వరసలోని కట్టడాలన్నీ తొలగించి, యజమానులకి తూర్పున కొత్త బజారులో –"

ఆగిపోయింది.

విమానం రాలేదు. ఆకాశం ఖాళీగా ఉంది.

గేటుకి ఎదుటి వరస. కుట్టుకొట్టు. దాని మీద ఇల్లు. కొత్తకాపురం పెట్టిన ఇల్లు, ఇద్దరు పిల్లల్ని కన్న ఇల్లు, మొగుడు కన్నుమూసిన ఇల్లు. కత్తెరమ్మ నిలబడే తన కుర్చీ వీపు పట్టుకుంది.

"విన్నావా అమ్మా?" పెద్దాడు ఎగిరి లేచాడు. "ఇప్పుడు చెప్పు! నా కోడలు గీసిందని ఇప్పుడు చెప్పు! స్థలం మింగింది, ఇప్పుడు ఇల్లు!"

కోడలు కన్నీళ్ళు ఆపుకుంటూ కాగితం వంక చూస్తోంది. చదవలేకపోతోంది. రోజూ నోటిదాకా వచ్చిందన్న మాట ఇదీనా! ఈ పిల్ల ఇంత బరువు ఒంటరిగా మోసుకుంటూ, పొద్దున్న అదే ఇంట్లో, అదే సింకు దగ్గర గ్లాసు కడిగింది.

"గట్టిగా చదువమ్మాయ్," అంది కత్తెరమ్మ. "వెనక కూర్చున్నవాళ్ళకి వినబడటం లేదు."

కోడలు కళ్ళు తుడుచుకుని మొదటినుంచి చదివింది. చివరిదాకా, వెనక గోడకి తగిలేలా చదివింది.

అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకున్నాడు. "దీని మీద అభ్యంతరమున్నవాళ్ళు లేచి నిలబడండి."

గేటు ఎదుటి వరసలోని కొట్లవాళ్ళంతా ఆ హాల్లోనే ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. అందరి చూపూ ముందు వరస మీదే ఉంది. ఆవిడ నిలబడితే అందరూ నిలబడతారు, కూర్చుంటే ఇంక లేచేవాడు లేడు. ఆ సంగతి కత్తెరమ్మకి తెలుసు, కోడలికీ తెలుసు.

ఇందాకటినుంచీ ఆవిడ కూర్చోనే లేదు.